సాహస సినిమాలో నాన్న, నమ్మకం: పిల్లలతో కలిసి చూసి మాట్లాడుకోవడానికి మార్గదర్శి

ఒడిశా సరిహద్దులో రాయగడలోనో, పర్లాకిమిడిలోనో, బరంపురంలోనో ఉండే తెలుగు ఇంట్లో ఆదివారం సాయంత్రం సినిమా పెట్టడం పెద్ద పని కాదు. అయిపోయాక పిల్లలతో ఏం మాట్లాడాలన్నదే అసలు పని. సాహస సినిమా అంటే పిల్లలకు పరుగులు, పులులు, కూలిపోయే గుహలు. కాస్త పట్టి చూస్తే ఆ పరుగుల నడుమ చాలాసార్లు ఒక తండ్రి ఉంటాడు. తప్పిపోయినవాడో, పట్టించుకోనివాడో, మరీ ఎక్కువ పట్టించుకునేవాడో, కొడుకు కొలిచే దేవుణ్ని ఒప్పుకోనివాడో. నమ్మకం సంగతి కూడా ఆ తండ్రి దగ్గరే వచ్చి పడుతుంది. ఎదురుగా లోయ, వంతెన కనపడదు, అడుగు వేయక తప్పదు. ఎవర్ని నమ్మి వేశాడు?

ఈ మార్గదర్శి అంతా ఆ ఒక్క ప్రశ్న కోసమే. నాన్నలను ఉద్దేశించి రాస్తున్నా, అమ్మలూ తాతలూ మేనమామలూ నిక్షేపంగా వాడుకోవచ్చు. పిల్లల వయసు ఎనిమిది నుంచి పదిహేను మధ్య అనుకుంటున్నాను. సరిహద్దు ఇళ్ల పేరు ఎందుకెత్తానంటే, ఇక్కడి పిల్లలకు రెండు వైపుల కథలూ తెలుసు. ఇంట్లో మామ్మ ప్రహ్లాదుడి కథ చెబుతుంది, ఒడియా బళ్లో ధర్మపదుడి కథ వింటారు. రెండూ తండ్రీకొడుకుల కథలే. అవి తెలిసిన పిల్లలు విదేశీ సాహస సినిమాను చూసే చూపులో కొంత తేడా ఉంటుంది. ఆ తేడాను వాడుకోకపోతే మనదే నష్టం.

మొదటి అడుగు: తండ్రిని చూసి సినిమా ఎంచుకోండి

పోస్టరు మీద పులి ఉందా, కత్తి ఉందా అన్నది పక్కన పెట్టండి. అందులో తండ్రి ఎలాంటివాడు? మీ ఇంట్లో ఇప్పుడు నడుస్తున్న గొడవకు ఆ తండ్రి దగ్గరగా ఉన్నాడా? ఇదొక్కటీ చూసుకుంటే చాలు. నేను నాలుగు సినిమాలు చెబుతాను.

చిన్నవాళ్లు ఉంటే 2003లో పిక్సార్ తీసిన 'ఫైండింగ్ నీమో'. 100 నిమిషాలే. మార్లిన్ అనే చేప భార్యనీ, పొదగాల్సిన గుడ్లనీ ఒక పెద్ద చేప మింగేస్తుంది. మిగిలిన ఒకే ఒక్క గుడ్డు నీమో. ఇక ఆ తండ్రికి ప్రతిదీ భయమే. బడికి పంపాలన్నా టెన్షనే. ఆ భయం భరించలేకే కొడుకు ఎదురు తిరుగుతాడు, మనుషుల చేతికి చిక్కుతాడు. బస్సు ఎక్కి ట్యూషన్‌కు ఒంటరిగా వెళ్తానని పిల్లవాడు, వద్దని మీరు పట్టుబట్టుకుని కూర్చుంటే ఈ సినిమా పెట్టండి. ఇందులో దేవుడి ఊసే లేదు. అయినా నమ్మకం గురించి ఇంత సూటిగా మాట్లాడే పిల్లల సినిమాలు నాకు తెలిసి తక్కువ.

చదువు తప్ప వేరే ధ్యాస లేని తండ్రి, మాట కలవని కొడుకు అయితే 1989లో స్టీవెన్ స్పీల్‌బర్గ్ తీసిన 'ఇండియానా జోన్స్ అండ్ ది లాస్ట్ క్రూసేడ్'. 127 నిమిషాలు. తండ్రి హెన్రీ జోన్స్‌గా షాన్ కానరీ, కొడుకు ఇండీగా హారిసన్ ఫోర్డ్. కానరీ పుట్టింది 1930లో, ఫోర్డ్ 1942లో. వయసులో పన్నెండేళ్లే పెద్దవాడైన మనిషి తండ్రి వేషం కట్టి నిజంగా తండ్రే అనిపించాడు. పదేళ్లు దాటినవాళ్లకు ఇదే నా మొదటి ఓటు.

ఇంట్లో అమ్మ ఉపవాసాలుంటుంది, నాన్న గుడి మెట్టెక్కడు, పిల్లలేమో మధ్యలో ఉన్నారు. అలాంటి ఇంటికి 2012లో ఆంగ్ లీ తీసిన 'లైఫ్ ఆఫ్ పై' సరిపోతుంది. పాండిచ్చేరిలో జంతు ప్రదర్శనశాల నడిపే తండ్రి దేవుణ్ని కాదు, బుద్ధిని నమ్మమంటాడు. 'పై' అనే కొడుకేమో కృష్ణుణ్నీ ఏసునీ అల్లానీ ముగ్గుర్నీ పట్టుకుంటాడు. అమ్మ వేషం వేసింది మన హైదరాబాదు అమ్మాయి టబు. పులి మేకను లాక్కుపోయే ఘట్టం, పడవలో జంతువులు ఒకదాన్నొకటి చంపుకోవడం ఉన్నాయి కాబట్టి పదేళ్లలోపు వాళ్లకు వద్దు.

నాలుగోది 1967 నాటి 'భక్త ప్రహ్లాద'. ఇది భక్తి సినిమా కదా, సాహసం ఎక్కడుందంటారా? ప్రహ్లాదుడి కథలో ఉన్నన్ని గండాలు ఏ గూఢచారికీ రాలేదు. ఏనుగులు, పాములు, విషం, కొండ మీంచి తోయడం. పైగా అవన్నీ చేయించేది కన్నతండ్రి. ఎస్వీ రంగారావు హిరణ్యకశిపుడు, చిన్నారి రోజారమణి ప్రహ్లాదుడు. తెలుగు టాకీ మొదలైందే 1932లో హెచ్.ఎం. రెడ్డి తీసిన 'భక్త ప్రహ్లాద'తో. మన తెర నోరు తెరిచి మొదట చెప్పిన కథ, దేవుడి విషయంలో తండ్రికీ కొడుక్కీ వచ్చిన తగువన్నమాట.

'బాహుబలి' మొదటి భాగం ఎలాగూ అందరూ చూసేశారు. తల్లి మొక్కు తీర్చడానికి పడుతున్న అవస్థ చూడలేక శివలింగాన్నే భుజాన ఎత్తుకుని జలపాతం కింద పెట్టిన ఘట్టం ఒక్కటి మళ్లీ పెట్టుకుంటే పది నిమిషాల మాటలకు పనికొస్తుంది. అది భక్తా, అమ్మ మీద జాలా?

ఒక జాగ్రత్త. ఇంట్లో ఈ మధ్యే ఎవరైనా పోయి ఉంటే, ముఖ్యంగా అమ్మో నాన్నో పోయిన పిల్లలు ఉంటే, మొదటి ఐదు నిమిషాల్లో చావు చూపించే సినిమా పెట్టకండి. 'నీమో' అలాంటిదే. పెట్టక తప్పకపోతే ముందే చెప్పండి: 'మొదట్లో వాళ్ల అమ్మ చచ్చిపోతుంది, చూస్తావా?' అని. వద్దంటే వదిలేయండి.

రెండో అడుగు: ముందు మీరొక్కరే చూసి, ఒక్క చోటు గుర్తు పెట్టుకోండి

రాత్రి పిల్లలు పడుకున్నాక చూడండి. చూస్తూ ఒకే ఒక్క చోటు వెతకండి. ఎవరో ఒకరు ఏమీ కనపడకుండానే అడుగు వేయాల్సిన చోటు. ఎన్నో నిమిషంలో వచ్చిందో కాగితం మీద రాసుకోండి. సినిమా ఆపేది అక్కడ ఒక్కచోటే. నాలుగైదు చోట్ల ఆపితే పిల్లలు బడిలో కూర్చున్నట్టు కూర్చుంటారు, రెండో వారం మీ పక్కకే రారు.

'లాస్ట్ క్రూసేడ్'లో ఆ చోటు ఎక్కడో చెప్పేముందు మొదటి ఘట్టం చూడండి. 1912. కుర్రాడు ఇండీ దొంగల చేతుల్లోంచి పాతకాలపు శిలువ లాక్కుని, సర్కస్ రైలు మీద పడుతూ లేస్తూ తప్పించుకుని, రొప్పుతూ ఇంట్లోకి వస్తాడు. తండ్రి బల్ల మీద వంగి ఏదో బొమ్మ గీసుకుంటూ ఉంటాడు. కొడుకు చెప్పబోతే ఇరవై దాకా లెక్కపెట్టమంటాడు, అదీ గ్రీకు భాషలో. తల ఎత్తడు. ఆ బల్ల మీద ఉన్న పుస్తకమే సినిమా చివర కొడుకు ప్రాణం కాపాడుతుంది. మొదటి పది పదిహేను నిమిషాల్లో పిల్లలు ఫోన్ చూసుకుంటూ ఈ ఘట్టం వదిలేస్తే మిగతాది సగమే అర్థమవుతుంది.

చివర్లో దుర్మార్గుడు తండ్రినే తుపాకీతో కాలుస్తాడు. గాయం మానాలంటే, ఆ తండ్రి జీవితమంతా వెతికిన ఏసు గిన్నెను గుహలోంచి తేవాలి. దారిలో మూడు పరీక్షలు. మొదటి దాంట్లో మోకాళ్ల మీద వంగకపోతే తల తెగుతుంది. రెండో దాంట్లో దేవుడి పేరులోని అక్షరాల మీదే కాలు మోపాలి. ఇండీ మొదటి అక్షరమే తప్పు తొక్కి కిందికి జారబోతాడు, ఎందుకంటే లాటిన్‌లో ఆ పేరు వేరే అక్షరంతో మొదలవుతుంది. మూడోది లోయ. అవతలి గుమ్మం కనిపిస్తోంది, మధ్యలో ఏమీ లేదు. తండ్రి పుస్తకంలో మాత్రం ఒక మనిషి గాల్లో నడుస్తున్నట్టు బొమ్మ ఉంది. ఇవతల నెత్తురోడుతూ పడుకున్న తండ్రి నమ్మమని గొణుగుతున్నాడు. ఇండీ గుండె మీద చెయ్యి వేసుకుని, ఊపిరి బిగపట్టి కాలు ఎత్తుతాడు.

అక్కడ ఆపండి. కాలు గాల్లో ఉండగానే. అడుగు పడిందంటే మీ ప్రశ్న కూడా పోయినట్టే.

తక్కిన సినిమాలకు నా గుర్తులు ఇవి. 'నీమో'లో తిమింగలం నోట్లో మార్లిన్ నాలుకను పట్టుకుని వేలాడుతుంటాడు. వదిలెయ్యమంటుంది తోడుగా వచ్చిన డోరీ అనే చేప. ఏమీ కాదని నీకెలా తెలుసని ఇతను అరిస్తే, తెలీదంటుంది. అక్కడ. 'లైఫ్ ఆఫ్ పై'లో పెద్దవాడైన పై, ఓడ మునిగాక తనకేం జరిగిందో రెండు రకాలుగా కథ చెప్పేసి, ఏది నచ్చిందని రచయితను అడిగిన చోట. 'భక్త ప్రహ్లాద'లో స్తంభం ముందు, హిరణ్యకశిపుడు గద ఎత్తగానే. అది మామ్మకు కూడా చెప్పి ఆపండి. లేకపోతే 'ఇందుగలడందులేడని' పద్యం పూర్తి కాకుండానే రిమోట్ నొక్కారని ఆవిడ మిమ్మల్ని వదిలిపెట్టదు.

మూడో అడుగు: భాష సర్దుబాటు

మన వైపు ఇదొక పెద్ద చిక్కు. పిల్లలు ఒడియా గడగడా చదువుతారు, తెలుగు మాట్లాడతారు గానీ కూడబలుక్కుని చదువుతారు. మామ్మకు తెలుగు తప్ప రాదు. విదేశీ సినిమాకు తెలుగు మాటలు ఉన్నాయో లేదో ఆడియో మెనూలో ముందురోజే చూసుకోండి. ఉంటే సందేహం లేదు, తెలుగే పెట్టండి. లేకపోతే ఇంగ్లీషు మాటలు, ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టి, పెద్ద పిల్లను మామ్మ పక్కన కూర్చోబెట్టండి. అది చెవిలో చెబుతూ ఉంటుంది. 'ఇప్పుడేమన్నాడే?' అని మామ్మ అడిగినప్పుడల్లా ఆ పిల్ల సినిమాను తన మాటల్లోకి తెచ్చుకుంటుంది. ఆ ఇంట్లో సినిమా బాగా అర్థమయ్యేది దానికే.

కరెంటు నమ్మకం లేని ఊళ్లలో సినిమా ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. మరమరాల్లో ఉల్లిపాయ, పచ్చిమిర్చి కలిపి ఒక గిన్నెడు సరిపోతుంది. మీ ఫోన్ మాత్రం వేరే గదిలో పెట్టండి. తల ఎత్తని తండ్రి కథ చూస్తూ మీరు తల ఎత్తకపోతే పిల్లలు కనిపెట్టకుండా ఉండరు.

నాలుగో అడుగు: సినిమాకు ముందు మన కథ ఒకటి

ఐదు నిమిషాలు చాలు. తీర్పులు చెప్పకుండా కథ మాత్రమే చెప్పండి.

కోణార్క గురించి చెప్పుకునే కథ పిల్లలకు తెలిసే ఉంటుంది, వాళ్లనే చెప్పమనండి. 1200 మంది శిల్పులు పన్నెండేళ్లుగా గుడి కడుతున్నారు. శిఖరం మీద కలశం నిలవడం లేదు. తెల్లారేలోగా పూర్తి కాకపోతే అందరి తలలూ తీస్తానన్నాడు రాజు. శిల్పుల పెద్ద బిశు మహారణా ఇల్లు వదిలేనాటికి పుట్టని కొడుకు ధర్మపదుడు పన్నెండేళ్లవాడై తండ్రిని వెతుక్కుంటూ వస్తాడు. రాత్రికి రాత్రి కలశం నిలబెడతాడు. ఇంతమంది చెయ్యలేనిది పిల్లవాడు చేశాడని తెలిస్తే మన తలలు దక్కవని శిల్పులు గుసగుసలాడుకుంటే, ఆ మాట విని శిఖరం మీంచి సముద్రంలోకి దూకేస్తాడు.

ఈ కథ చెప్పాక పిల్లలు ఎప్పుడూ ఒకటే అడుగుతారు: వాళ్ల నాన్న ఎందుకు ఆపలేదు? జవాబు చెప్పకండి. ఆ ప్రశ్నతోనే సినిమా మొదలుపెట్టండి. 'లాస్ట్ క్రూసేడ్'కు ఇంతకంటే మంచి ముందుమాట లేదు.

'లైఫ్ ఆఫ్ పై' అయితే నీలమాధవుడి కథ బాగుంటుంది. పూరీ జగన్నాథుడు మొదట ఎక్కడో అడవి గుహలో సవర పెద్ద విశ్వావసు ఒక్కడే రహస్యంగా కొలిచే దేవుడట. ఇంద్రద్యుమ్న మహారాజు పంపిన విద్యాపతి వచ్చి, విశ్వావసు కూతురు లలితను పెళ్లాడి, దేవుణ్ని చూపించమని పోరుతాడు. కూతురు బతిమాలితే తండ్రి కాదనలేకపోయాడు. అల్లుడి కళ్లకు గంతలు కట్టి తీసుకెళ్లాడు. అల్లుడు దారి పొడుగునా ఆవాలు జారవిడిచాడు, అవి మొలిచి దారి చూపాయి. రాజు తరలి వచ్చేసరికి దేవుడు మాయమయ్యాడు. గుహ, గంతలు, రహస్య దారి, దేవుడి కోసం వేట. సాహస సినిమాకు ఇంకేం కావాలి? అడగాల్సింది మాత్రం ఇది: అల్లుణ్ని నమ్మినందుకు విశ్వావసుకు ఏం మిగిలింది?

ఐదో అడుగు: ఆపిన చోట అడగాల్సింది

ఒకటే ప్రశ్న, అందరికీ ఒకటే. ఎవర్ని నమ్మి అడుగు వేస్తున్నాడు?

'ఈ సినిమా వల్ల నువ్వేం నేర్చుకున్నావు' అని అడగొద్దు. ఆ ప్రశ్నకు పిల్లల దగ్గర జవాబు తయారుగా ఉంటుంది, పెద్దల మాట వినాలి అని. అది వాళ్ల మాట కాదు, మనం వినాలనుకుంటున్న మాట. అందరూ చెప్పేదాకా మీరు నోరు తెరవకూడదన్నది ఇంకో నియమం. నాన్న ముందు మాట్లాడితే తర్వాత వచ్చేవన్నీ నాన్న మాటలే అవుతాయి. చిన్నవాళ్లను ముందు చెప్పనివ్వండి, ఆఖరున మీరు.

లోయ దగ్గర ఆపినప్పుడు మాటలు సుమారుగా ఇలా సాగుతాయి.

'దేవుణ్ని నమ్మి,' అంటాడు తమ్ముడు.

'ఎలా చెప్పగలవు? ఇండీ సినిమాలో ఎక్కడైనా దణ్ణం పెట్టాడా?' అని అక్క.

'లేదు. మోకాళ్ల మీద కూర్చున్నాడు కదా?'

'అది తల తెగకుండా రా. వాళ్ల నాన్న పుస్తకంలో ఉంది కాబట్టి కూర్చున్నాడు.' ఇదీ అక్క మాటే.

'అయితే వాళ్ల నాన్నని నమ్మాడా?'

'నాన్నంటే అతనికి కోపం కదా?'

ఇక్కడ మీరు చెయ్యాల్సింది ఏమీ లేదు. ఆ ఇద్దరినీ కొట్టుకోనివ్వండి. కొడుక్కి తండ్రి మీద కోపం, తండ్రికి దేవుడి వేట తప్ప కొడుకు పట్టలేదు. అయినా లోయ అంచున నిలబడ్డప్పుడు కొడుకు చేతిలో ఉన్నది ఆ తండ్రి ఏళ్ల తరబడి రాసుకున్న పుస్తకమే. తనను నిర్లక్ష్యం చేసిన చదువే ఇప్పుడు కాలికింద నిలబడాలి. అది దేవుడి మీద నమ్మకమా, తండ్రి చదువు మీద నమ్మకమా, చచ్చిపోతున్న తండ్రి మీద ప్రేమా అన్నది పెద్దవాళ్లకే తేలదు. తేలకపోయినా ఫర్వాలేదు, ప్లే నొక్కండి.

అడుగు పడుతుంది. వంతెన అక్కడే ఉంది. రాతి రంగులో కలిసిపోయి కంటికి ఆనలేదంతే. ఇండీ అవతలికి వెళ్లి, వెనక్కి తిరిగి గుప్పెడు ఇసుక తీసి వంతెన మీద చల్లుతాడు. ఇప్పుడు అందరికీ కనిపిస్తుంది. ఈ ఇసుక సంగతి పిల్లలు గమనించారో లేదో అడగండి. సినిమా మొత్తంలో నాకు బాగా నచ్చింది అదే. మొదటివాడికి నమ్మకం కావాల్సి వచ్చింది, వెనక వచ్చేవాళ్లకు ఇసుక చాలు. తండ్రి కొడుక్కి చేయగలిగిందీ అంతే కాబోలు.

గిన్నె ఎంచుకునే ఘట్టం పిల్లలకు బాగా నచ్చుతుంది, దాని మీద ఎక్కువసేపు ఉండిపోకండి. బంగారు గిన్నె పట్టుకున్నవాడు ముసలివాడై దుమ్మైపోతాడు, వడ్రంగి వాడే మామూలు గిన్నె అసలుది. ఆఖరుకు మాత్రం సమయం ఇవ్వండి. నేల చీలి గిన్నె గట్టు మీద నిలిచింది. ఇండీ ఒక చేత్తో తండ్రికి వేలాడుతూ, రెండో చేత్తో దాన్ని అందుకోబోతున్నాడు. వేళ్ల చివర తగులుతోంది కూడా. జీవితమంతా ఆ గిన్నె కోసమే బతికిన తండ్రి, సినిమా పొడుగునా 'జూనియర్' అంటూ వచ్చిన మనిషి, మొదటిసారి కొడుకు ఇష్టపడే పేరుతో పిలిచి, వదిలెయ్యమంటాడు. దేవుడి వస్తువు ఒక పక్క, కొడుకు ఒక పక్క. తండ్రి కొడుకును పట్టుకున్నాడు. 'నీమో' చివర ఇదే తిరగబడుతుంది. వలలో చిక్కిన చేపల్ని విడిపించడానికి నన్ను వెళ్లనివ్వమని కొడుకు అడుగుతాడు, గుండె రాయి చేసుకుని తండ్రి చెయ్యి వదులుతాడు. రెండు సినిమాలూ చూసిన పిల్లలుంటే ఏ తండ్రిది కష్టమైన పని అని అడిగి చూడండి. మా వీధిలో పిల్లల్ని అడిగితే చేపదే అన్నారు.

ఆరో అడుగు: చిక్కు ప్రశ్నలు వచ్చినప్పుడు

వస్తాయి. రాకపోతే సినిమా సరిగా చూడనట్టే.

'ఆ గిన్నె నిజంగా ఉందా? ఏసుప్రభువుదేనా?' గజపతి జిల్లా బళ్లలో మన పిల్లల పక్కన క్రైస్తవ సవర పిల్లలు కూర్చుంటారు, మన తెలుగువాళ్లలోనూ చర్చికి వెళ్లేవాళ్లు ఉన్నారు. కాబట్టి తేలిగ్గా కొట్టిపారేయకండి, సరిగ్గా చెప్పండి. ఆఖరి విందులో ఏసు పాత్ర అందుకుని శిష్యులకు ఇచ్చినట్టు బైబిల్లో ఉంది. అది తాగితే చావు రాదన్న మాట బైబిల్లో లేదు. గిన్నె కోసం వేట కథలు 12వ శతాబ్దం చివర్లో ఫ్రెంచి కావ్యాల్లో మొదలై యూరప్ అంతా పాకాయి. గుహ బయటి గుమ్మం మాత్రం నిజమైన కట్టడమే. జోర్డాన్ దేశంలోని పెట్రాలో కొండను తొలిచి చెక్కిన అల్ ఖజ్నే.

'నాన్న చెప్పింది తప్పైతే వినాలా?' ప్రహ్లాదుడి సినిమా పెట్టినవాళ్లకు ఇది తప్పదు. కంగారుపడి 'అది రాక్షసుల కథ, మన ఇంట్లో కాదు' అని తప్పించుకోకండి. ప్రహ్లాదుడు తండ్రి మాట వినలేదు. కానీ ఎదురు తిరిగి చెయ్యెత్తలేదు, ఇంట్లోంచి పారిపోలేదు, అబద్ధమాడలేదు. తండ్రి పోయాక నరసింహుడు వరమిస్తానంటే ఆ తండ్రికే మంచి గతి అడిగాడు. ఇది పిల్లలకు చాలామంది చెప్పని ముక్క, తప్పకుండా చెప్పండి. పదమూడు, పద్నాలుగేళ్ల వాళ్లకు దీని పక్కనే పరశురాముణ్ని పెట్టవచ్చు. తండ్రి జమదగ్ని తల్లిని నరకమంటే నరికాడు, ఆ తర్వాత వరంగా తల్లి ప్రాణమే అడిగాడు. మన గజపతి జిల్లా మహేంద్రగిరి ఆయన తపస్సు చేసిన కొండ అంటారు. ఒకడు తండ్రిని కాదన్నాడు, ఒకడు అవునన్నాడు, ఇద్దర్నీ మనం కొలుస్తున్నాం. ఎందుకు? రాత్రి పదకొండైనా ఈ మాటలు ఆగవు.

'పై చెప్పిన రెండు కథల్లో ఏది నిజం?' పులితో 227 రోజులు సముద్రంలో గడిపానన్నది ఒక కథ. పులీ లేదు, జంతువులూ లేవు, మనుషులే ఒకర్నొకరు చంపుకున్నారన్నది రెండోది. సినిమా తేల్చదు, మీరూ తేల్చకండి. ఓటు వేయించండి, ఎందుకో చెప్పమనండి. తర్వాత తండ్రి దగ్గరకు తీసుకురండి. దేవుళ్లను నమ్మని ఆ తండ్రి, పులి నీ స్నేహితుడు కాదురా అని కళ్ల ముందే మేకను పులికి ఇచ్చి చూపించాడు. ఆ రోజు కొడుకు తండ్రిని అసహ్యించుకున్నాడు. నడి సముద్రంలో అతన్ని బతికించింది ఆ పాఠమే. పెద్దయ్యాక పై కూడా ఆ మాటే అంటాడు, నాన్నకు కృతజ్ఞత చెప్పుకోలేకపోయానని. ఓడతోపాటే తండ్రి మునిగిపోయాడు కదా. దేవుడు ఆశ ఇచ్చాడు, నాన్న జాగ్రత్త ఇచ్చాడు. ఒక్కటే ఉంటే ఒడ్డుకు చేరేవాడా?

'నాన్నా, నువ్వు నమ్ముతావా?' దీనికి మాత్రం మీకు ఏది నిజమో అదే చెప్పండి. నమ్మితే ఎందుకో, నమ్మకపోతే ఎందుకో. అమ్మ మజ్జిగౌరి గుడికి వెళ్లొచ్చి బొట్టు పెడితే మీరు పెట్టించుకుంటారు, ఎందుకు పెట్టించుకుంటారో కూడా చెప్పండి. నాన్నకు కూడా తెలియనివి ఉంటాయని తెలిస్తే పిల్లలకు వచ్చే నష్టమేమీ లేదు.

ఏడో అడుగు: తెర బయటికి తీసుకెళ్లండి

అదే వారం కుదరనక్కర్లేదు. బరంపురం దగ్గర ఉంటే ఠాకురాణి యాత్రకు మించింది లేదు. రెండేళ్లకోసారి బూఢీ ఠాకురాణి అమ్మవారు గుడి నుంచి దేశీబెహరా వీధికి వస్తుంది. అది ఆవిడ పుట్టిల్లు. నేతపని చేసే డెరా కులపెద్ద దేశీబెహరా ఆవిడకు తండ్రి వరస. కూతురు పుట్టింటికి వచ్చినట్టే సంబరం, వెళ్లేటప్పుడు అత్తవారింటికి పంపినట్టే దిగులు. ఒంటికి పులి చారలు పూసుకుని ఆడేవాళ్లను చూస్తే పిల్లలకు 'లైఫ్ ఆఫ్ పై' గుర్తురాక మానదు. అక్కడ నిలబడి ఒక్క మాట అనండి: సినిమాల్లో దేవుడు ఎప్పుడూ తండ్రిలా పైన ఉంటాడు, ఇక్కడ దేవతకే ఒక నాన్న ఉన్నాడు. మిగతాది వాళ్లే చూసుకుంటారు.

రాయగడ, గుణుపురం వాళ్లు విజయనగరం మీదుగా రైల్లో సింహాచలం వెళ్లొచ్చు. తండ్రి ఆజ్ఞతో ప్రహ్లాదుణ్ని తోసేసి మీద కొండ పెట్టబోతే, స్వామి వచ్చి ఆ కొండను ఎత్తి పట్టాడని అక్కడి కథ. ధర్మపదుడి కోణార్కను కట్టించిన మొదటి నరసింహదేవుడి కాలంలోనే సింహాచలం గుడికీ ఇప్పటి రూపం వచ్చింది. ఒక్క రాజు పేరు మీద రెండు గుళ్లు, రెండు చోట్లా కొడుకుల కథలు. మెట్ల మీద అలసి కూర్చున్నప్పుడు చెప్పడానికి పనికొస్తుంది.

నాన్న ఊళ్లో లేకపోతే

గంజాం నుంచి సూరత్ మగ్గాలకు వెళ్లినవాళ్లు, మన వైపు నుంచి విశాఖకో హైదరాబాదుకో పనికి వెళ్లినవాళ్లు చాలామంది. నాన్న పక్కన ఉంటేనే ఇదంతా అనుకోవద్దు. సాహస సినిమాల్లో సగం మంది తండ్రులు కూడా పక్కన లేనివాళ్లే.

ఫోన్లో కలిసి సినిమా మొత్తం చూడాలని ప్రయత్నించకండి. నెట్ ఆగుతుంది, మీరు ఒక నిమిషం వెనకుంటారు, వాళ్లు ముందే నవ్వేస్తారు, అందరికీ విసుగు. ఆపాల్సిన చోటు, నిమిషంతో సహా, ఇంటికి మెసేజ్ పెట్టండి. అమ్మో మామ్మో అక్కడ ఆపి ప్రశ్న అడుగుతారు. జవాబులు ఒక్కొక్కరూ వాయిస్ మెసేజ్‌గా పంపాలి. మీకు సమయం దొరికితే ఆ పది నిమిషాల ముక్క మాత్రం చూసి పెట్టుకోండి.

అసలు మీరు చూడని సినిమా అయితే ఇంకా మంచిది. అప్పుడు కథ చెప్పేది వాళ్లు, వినేది మీరు. చూసినవాళ్లు చూడనివాళ్లకు చెప్పేటప్పుడు ఏ ఘట్టం దగ్గర గొంతు పెరిగింది, ఏది మింగేశారు అన్నది గమనించండి. తండ్రి దగ్గరకు వచ్చేసరికి తడబడితే అక్కడ ఏదో ఉంది. మెసేజ్ విని ఒక బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకోకండి. షిఫ్టు అయ్యాక ఫోన్ చేసి అడగండి: 'కాలు ఎత్తాడన్నావు సరే, తర్వాత ఏమైంది? వాళ్ల నాన్న ఏమన్నాడు?'